అమావాస్యకు నాలుగు రోజుల ముందు

ఒక ఇత్తడి లోటా అంచుకు పడిన సొట్ట గురించి మీకు చెప్పాలి. చెప్పకుండా పదకొండేళ్లు గడిపాను. ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఒక్క మనిషే అడిగింది. ఆమెకు అబద్ధం చెప్పాను.

నేను మదనపల్లెలో ఉంటాను. పాతికేళ్లు ఒక దినపత్రికకు వార్తలు రాశాను. టమోటా ధరలు, ఎండిన బోర్లు, మండలాఫీసుల సంగతులు, ఆత్మహత్యలు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు, ఎందుకు చేశారు అని ఊరూరా తిరిగి అడగడమే నా ఉద్యోగం. ఆ ప్రశ్నలే నాకు నేను వేసుకుంటే మొదటి నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలను. ఐదోదాని దగ్గర ఆగిపోతాను. ఈ కాగితాలు అక్కడిదాకా వెళ్తాయో లేదో నాకే తెలియదు. నా పేరు పెట్టడం లేదు. మిగతావాళ్ల పేర్లు మార్చాను. ఊర్లు మార్చలేదు. చదవాల్సిన మనిషి చదివితే గుర్తుపట్టాలి కదా.

మేము ముగ్గురు అన్నదమ్ములం. పెద్దాయన రెడ్డెప్ప. పుంగనూరులో ఎరువుల అంగడి. తర్వాత నేను. చిన్నవాడు మునిరత్నం. కుప్పంలో గ్రానైటు రాళ్లకు పాలిషు పట్టే చోట సూపర్‌వైజరు. నాన్న పోయాక అమ్మను ఎవరు చూడాలన్న మాట వచ్చింది. చాలా ఇళ్లలో చేసినట్టే మేమూ వంతులు పెట్టుకున్నాం. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా ఒకరింట్లో. పుంగనూరు, మదనపల్లె, కుప్పం, మళ్లీ పుంగనూరు. వంతు అయిపోయినవాడు బస్సెక్కించాలి. వంతు వచ్చినవాడు బస్టాండుకు వచ్చి దించుకోవాలి. ఏడేళ్లు అట్లాగే నడిచింది. అమ్మ కూడా దానికి అలవాటు పడిందనే అనుకున్నాం.

పసుపుపచ్చ గుడ్డసంచి ఒకటి ఆమె చేతిలో ఉండేది. అందులో నాలుగు చీరలు, విభూది డబ్బా, తలనొప్పి మందు, ఆ ఇత్తడి లోటా. ఎవరింట్లో ఉన్నా కాఫీ, నీళ్లు అందులోనే తాగేది. "మీ కూడు తింటా. మీ లోటా మాత్రం నాకు వద్దు. ఒగటన్నా నాదని ఉండనీ" అనేది. బస్టాండులో నవ్వించేది కూడా. "నేనూ ఈ బస్సూ ఒగటేరా. మూడూర్లు తిరగతాండాము. దానికి రాత్రికి పోను డిపో ఉండాది. నాకు అదీ లేదు" అనేది. మేం నవ్వేవాళ్లం. ఆ మాటకు ఎట్లా నవ్వామో ఇప్పుడు అర్థం కాదు.

వంతుల పద్ధతిలో ఎవరూ నోటితో అనని నియమం ఒకటి ఉంది. మంచం పట్టిన ఇంట్లోనే మనిషి ఆగిపోవాలి. కాలు, చెయ్యి పడిపోయిన మనిషిని సంచిలాగా బస్సెక్కించలేరు. వంతుల చక్రం అక్కడితో ఆగుతుంది. ఆ ఇంటి కోడలి మీద ఆగుతుంది. దీన్ని ఎక్కడా రాసుకోరు. పెద్దమనుషులు కూడా ఆ మాట ఎత్తరు. అందరికీ తెలుసు. నెలాఖరులో ముసలామె దగ్గితే ఆ దగ్గు ఇంట్లో వేరేగా వినిపిస్తుంది. రామసముద్రం వైపు ఒక ఊర్లో జ్వరంతో ఉన్న తండ్రిని అమావాస్య ముందు రోజు సాయంత్రం ఆటోలో పడుకోబెట్టి తమ్ముడింటికి పంపిన మనిషి ఉన్నాడు. ఆ కథ నేను టీ అంగట్లో చెప్పి నవ్వించాను. మనుషులు ఎట్లా తయారయ్యారో చూడండి అన్నాను. అట్లా తయారయ్యే వంతు నాకు అప్పటికి ఇంకా రాలేదు.

తొంభైల చివర్లో ఒక నెల. అమ్మ మా ఇంట్లో ఉంది. అమావాస్యకు ఇంకా ఐదు రోజులు ఉంది. నా భార్య పుట్టినిల్లు రామసముద్రం. తమ్ముడి కొత్తింట్లో పాలు పొంగిస్తారని వెళ్లింది. మూడు రోజుల్లో వస్తానంది. పొద్దున నేనే కాఫీ కలిపి అమ్మ లోటాలో పోసి ఇచ్చాను. అందుకుంది. రెండు గుక్కలు తాగింది. మూడోసారి నోటి దాకా పోకుండానే లోటా చేతిలోంచి జారి కడప రాతి బండ మీద పడింది. అంచు సొట్టపోయింది. నేను దాన్ని చూస్తున్నాను. తల ఎత్తేసరికి అమ్మ మూతి ఒక పక్కకు వాలి ఉంది. నన్ను ఎప్పుడో చనిపోయిన తన అన్న పేరుతో పిలిచింది. ఆ పిలుపు కూడా ముద్దగా వచ్చింది. కుడిచేత్తో కొంగు సర్దుకోబోతే ఆ చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

అరగంట. గోడకు ఆనించి కూర్చోబెట్టాను. చెయ్యి తిరిగి వచ్చింది. మాట వచ్చింది. "ఏమైందిరా నాకు? మూతి యాలనో బిగుసుకునింది" అంది. కాసేపటికి లోటా యాడ అని అడిగింది. సొట్ట చూసి నొచ్చుకుంది.

నాకు తెలియదు అనే వీలు లేదు. అంతకు మూడు వారాల ముందే ఊర్లో ఉచిత వైద్య శిబిరం జరిగింది. డాక్టరు పెద్దవాళ్లకు వచ్చే పక్షవాతం గురించి మాట్లాడాడు. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి, కాసేపట్లో సర్దుకుంటే బాగైందని వదిలేయకండి, అది రాబోయేదానికి హెచ్చరిక, ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోండి అన్నాడు. ఆ వార్త రాసింది నేను. ఆ వాక్యం అచ్చులో నా వాక్యం. ఆస్పత్రి మా వీధి నుంచి ఆటోలో పది నిమిషాలు.

నేనేం చేశాను? బండ మీద కాఫీ తుడిచాను. గుడ్డ పిండి ఆరేశాను. తర్వాత గోడ మీది క్యాలెండరు చూశాను.

ఇదే నేను ఎవరికీ చెప్పని సంగతి. మిగతాదంతా ఆ చూపులోంచే వచ్చింది. కన్నతల్లి ముఖం వంకరపోయి మామూలుకొచ్చిన పావుగంటకు నా కళ్లు అంకెల మీదికి వెళ్లాయి. ఇంకా ఐదు రోజులు. ఈ ఐదు రోజుల్లో మళ్లీ వస్తే?

నా భార్య కోసం భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అంతకుముందు తన తండ్రి మంచాన పడితే రెండేళ్లు అక్కడా ఇక్కడా తిరిగి చేసింది. నడుము పోగొట్టుకుంది. మళ్లీ ఆమె మీదే పడుతుందని జాలిపడ్డాననుకున్నాను. బాగుంది. అయితే ఆమె ఇంట్లో ఉండి ఉంటే ఏం చేసేది? మాట మాట్లాడకుండా ఆటో పిలిపించి అమ్మను ఆస్పత్రికి తీసుకుపోయేది. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆమె తిరిగొచ్చేలోపు అమ్మను పంపించాలనుకున్నాను. మరి ఆ జాలి ఎవరి మీద?

వీధి చివర ఎస్టీడీ బూతుకు వెళ్లి కుప్పంలో మునిరత్నం పక్కింటికి ఫోన్ చేశాను. మునిరత్నం భార్య సరోజ వచ్చి అందుకుంది. మంత్రి వస్తున్నాడు, నాకు మూడు నాలుగు రోజులు ఊపిరాడదు, ఇంట్లో మీ అక్క కూడా లేదు, అమ్మను రేపే పంపుతాను అన్నాను. మంత్రి వచ్చే మాట అబద్ధం.

"రానీ బావా. దానికేముంది, నాలుగు దినాలు ముందొస్తే నాలుగు దినాలు నాకు మాటల తోడు" అంది. "ఆయప్ప డ్యూటీకి పోతాడు. నేనే బస్టాండుకు పోయి దింపుకుంటా."

ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగింది. బాగుందన్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర కుప్పం బస్సు. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోతుంది. డ్రైవరు వెనక కిటికీ సీటు దొరికింది. అమ్మ పక్కన నిలబడి ఉన్నాను. ఆ పది నిమిషాలూ ఒక్క మాట పోకుండా జ్ఞాపకం ఉన్నాయి.

"అమావాస్య ఇంకా నాలుగు దినాలుండాది కదరా. యాల ఇంత తొందర?"

"పనుండాదమ్మా. చెప్తిని కదా."

"నీ పెండ్లాం ఎల్లుండి వస్తాది కదప్పా. ఆయమ్మకు చెప్పకుండా పోతే ఏమన్నా అనుకుంటాది."

"నేను చెప్తాలే."

సంచి ఒళ్లో పెట్టుకుంది. కుడికాలు చేత్తో ఎత్తి సర్దుకుంది. అది నేను చూశాను. నేను చూసింది ఆమె చూసింది.

"నిన్నటి నుంచి ఈ కాలు నా మాట వినలేదురా."

"కూర్సోని పోయేదే కదమ్మా. ఆడ సరోజ వచ్చి దింపుకుంటాది."

"సరోజకు చెప్పినావా? నిన్న పొద్దున సంగతి?"

"చెప్పినాను."

అమ్మ కిటికీ వైపు తిరిగింది.

"చెప్పినావు కదా. అయితే సరే. నేను మళ్లా చెప్పి ఆ పిల్లను యాల భయపెట్టేది" అంది.

కండక్టరుకు పెద్దామె జాగ్రత్తప్పా అని చెప్పి దిగాను. బస్సు కదిలేటప్పుడు అమ్మ చెయ్యి ఊపింది. ఎడమ చెయ్యి. బస్సు మలుపు తిరిగాక నాకు కలిగింది దుఃఖమని మీరనుకోవచ్చు. భయమూ అనుకోవచ్చు. నిజం చెప్పాలి కదా. నాకు ఒళ్లు తేలికైంది. టీ తాగాను. టీతో పాటు బజ్జీ కూడా తిన్నాను.

బస్సెక్కించిన రెండు రోజులకు పొద్దున కుప్పంలో, పెరట్లో మొహం కడుక్కోను వెళ్లి అమ్మ పడిపోయింది. కుడివైపు మొత్తం పోయింది. మాట పోయింది. మా పక్కింటికి ఫోన్ వచ్చేసరికి నా భార్య అప్పుడే బస్సు దిగి ఇంటికి వచ్చి, అత్త ఎక్కడ అని అడుగుతూ ఉంది.

అమావాస్యకు ఇంకా రెండు రోజులు ఉంది. లెక్క ప్రకారం అది నా వంతే.

ఆస్పత్రి నుంచి అమ్మను కుప్పం ఇంటికి తెచ్చిన రోజు అందరం అక్కడే ఉన్నాం. అన్న రెడ్డెప్పకు లెక్కలు బాగా గుర్తుంటాయి. "నీ వంతు ఇంకా ఉండగానే యాల పంపినావురా?" అని అడిగాడు. మంత్రి అన్నాను. ఏ మంత్రి అని అడిగి ఉంటే అక్కడే దొరికిపోయేవాణ్ని. మునిరత్నం అడ్డం వచ్చాడు. "రెండు దినాల్లో ఏముందిలేన్నా. మా ఇంట్లో పడింది. మేము చూసుకుంటాం" అన్నాడు. తమ్ముడు నన్ను కాపాడాడు. దేని నుంచి కాపాడాడో వాడికి తెలియదు.

అప్పుడు మా మేనత్త ఒకామె పెరటి వాకిట్లో నిలబడి సరోజను చూసి, "పొద్దున్నే బండలు కడిగి వదిలేసినావంట కదా. ముసల్ది తిరిగే చోట తుడిచి పెట్టాలని మీ గంగవరం పుట్టింట్లో చెప్పలేదా?" అంది. సరోజ ఏడుస్తూ, "కడిగింటినేమో అత్తా. తుడిచినానో లేదో గెవనం లేదు" అంది. ఆ ఒక్క మాటే ఆమె అన్నది. ఆ క్షణం నుంచి అది ఊరికంతా తెలిసిన నిజమైపోయింది. కుప్పం కోడలు బండలు తుడవలేదు, అత్త జారిపడింది.

నేను మూడు గజాల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఇంకెప్పుడూ రాలేదు. లోటా మా ఇంట్లో జారింది అత్తా, అని ఒక్క వాక్యం. నేను రోజుకు నూరు వాక్యాలు రాసేవాణ్ని.

ఐదున్నరేళ్లు అమ్మ ఆ మంచం మీదే ఉంది. రెండు గంటలకొకసారి ఒత్తిగిలపెట్టాలి. గుడ్డలు మార్చాలి. సంగటి మెత్తగా జావ చేసి చెంచాతో పోయాలి. గొంతులో ఇరుక్కోకుండా ఒక్కో చెంచాకు ఆగాలి. సరోజ ఈ ఐదున్నరేళ్లలో పుట్టింట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. అమ్మ వీపు మీద ఒక్క పుండు లేదు. ఇంటికొచ్చిన నర్సు చూసి ఆశ్చర్యపోయింది. సరోజకు అది మెప్పుగా అనిపించలేదు. చేసిన తప్పుకు అది చాలదని ఆమె నమ్మకం.

మేము చూడను పోయేవాళ్లం. రెండు నెలలకొకసారి. అరటిపళ్లు, బ్రెడ్డు తీసుకుపోయి మంచం పక్కన కూర్చుని "ఎట్లుండావమ్మా" అని అడిగేవాళ్లం. మాట రాని మనిషిని అడిగేవాళ్లం. పక్కనే నిలబడి ఉన్న మనిషిని ఎట్లున్నావని ఎవరూ అడగలేదు. ఆమె మాకు కాఫీ ఇచ్చేది. ముసలివాళ్ల మీద వ్యాసాలు రాయడానికి తర్వాత నేను ఎన్నో ఇళ్లకు పోయాను. అన్ని చోట్లా ఇదే చూశాను. కొడుకులు కుర్చీలో కూర్చుని నాకు చెప్పేవాళ్లు. మా అమ్మను మేం ఇట్లా చూసుకుంటున్నాం అని. చూసుకుంటున్న ఆడమనిషి లోపల నాకు టీ పెడుతూ ఉండేది. ఆమె పేరు నా నోటుపుస్తకంలోకి వచ్చేది కాదు.

నేను పోయినప్పుడల్లా ఒకటి జరిగేది. అమ్మ ఎడమ చెయ్యి లేపి గూట్లో ఉన్న ఇత్తడి లోటాను చూపించేది. సరోజ నీళ్లు తెచ్చేది. అమ్మ మొహం తిప్పుకునేది. మళ్లీ లోటాకేసి చూపించేది.

"నువ్వొస్తేనే అత్తకు దప్పికయ్యేది బావా" అని సరోజ నవ్వేది. "నీకు మర్యాద చెయ్యమని నాకు చెప్తాండాదో ఏమో."

అమ్మ ఏం చెప్పాలనుకుందో నాకు తెలుసు. తెలుసా? ఒక్కోసారి నిజంగానే దాహమేమో అనుకుంటాను. ఒక్కోసారి చెప్పు నాయనా, నువ్వే చెప్పు, అంటోందనుకుంటాను. ఆ గదిలో అమ్మతో ఒక్కడినే ఉండాల్సి వస్తే సిగరెట్టుకని బయటికి పోయేవాణ్ని. అప్పటిదాకా నాకు సిగరెట్టు అలవాటు లేదు. కుప్పంలోనే అయింది.

ఇంతవరకూ చేసింది భయంతో చేశాను. తర్వాతిదానికి ఆ సాకు కూడా లేదు.

అమ్మ పడిన రెండేళ్లకు మా పత్రిక ఆదివారం అనుబంధంలో పెద్దవాళ్ల సంరక్షణ మీద ఒక పేజీ పెట్టింది. నన్ను రాయమన్నారు. రాశాను. పడిపోవడం గురించి ఒక భాగం ఉండాలి. ఉదాహరణ కావాలి. టేబుల్ ముందు కూర్చున్నప్పుడు చేతికి దగ్గరగా ఉన్నదే రాశాను. ఒక ఇంట్లో కోడలు తెల్లారి పెరటి బండలు కడిగి తుడవకుండా వదిలేసింది, ఆ తడి మీద జారి అత్త జీవితాంతం మంచానికి అతుక్కుపోయింది, ఒక్క నిమిషం ఏమరుపాటు అని రాశాను. ఊరు, పేరు లేవు. సరోజ అనుమానంగా అన్నదాన్ని నేను ఖాయంగా రాశాను. ఆ బండ తడిగా ఉందా అని ఎవరినీ అడగలేదు. ఏ చిన్న రోడ్డు ప్రమాదానికైనా ఇద్దరిని అడగనిదే రాసేవాణ్ని కాదు.

ఎందుకు రాశాను? ఇక్కడే ఐదో ప్రశ్న. అలవాటని చెప్పవచ్చు. తొందరని చెప్పవచ్చు. నాకిప్పుడు తోచేది వేరే. అచ్చులో పడ్డది నిజమని జనం నమ్ముతారు. నేను కూడా నమ్మవచ్చుననుకున్నాను. పేజీ చేతికి వచ్చినప్పుడు నా వాక్యాన్ని పాఠకుడిలాగా చదివాను. కొన్నాళ్లు నమ్మాను కూడా.

మా పత్రిక కుప్పానికి కూడా వెళ్తుంది. బావ రాస్తాడని సరోజ రోజూ చదివేది. తర్వాతిసారి పోయినప్పుడు అమ్మ మంచం ఎదుటి గోడకున్న అద్దం వెనక నుంచి మడిచిన కాగితం తీసి చూపించింది. ఆ భాగాన్ని కత్తిరించి దాచుకుంది.

"మంచిగా రాసినావు బావా. పేరు పెట్టకుండా నా మర్యాద కాపాడినావు" అంది. "తల దువ్వుకునేటప్పుడంతా సూస్తా. మళ్లా ఏమరకుండా ఉండాలని."

నేను కాఫీ తాగుతున్నాను. ఆ కాఫీ పూర్తిగా తాగాను.

అమ్మ ఒక పొద్దున సరోజ చేతిలోనే పోయింది. జావ రెండు చెంచాలు మింగి, మూడోది మింగలేదు. కర్మాంతరాలయ్యాక సామాను సర్దుతూ సరోజ ఆ లోటాను తీసుకొచ్చి నా ముందు పెట్టింది. చింతపండుతో తోమి ఉంది.

"బావా, ఈ సొట్ట ముందు నుంచీ ఉండాదా? ఈడికొచ్చినాక పడిందా? ఆ దినం లోటా కూడా పెరట్లోకి ఎత్తుకపోయినాదేమో, ఆడ పడి సొట్టబొయ్యిందేమో అని ఇన్నేండ్లూ అనుకుంటాండాను."

"తెలీదమ్మా" అన్నాను.

లోటాను తనే ఉంచుకుంటానంది. సరేనన్నాను.

అప్పటి నుంచి ఐదేళ్లు. ఇట్లాగే పోతాననుకున్నాను. చాలామంది ఇంతకంటే పెద్దవి మోసుకుని పోతారు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల కుప్పంలో ఒకటి జరిగింది.

సరోజ తల్లికి ఎనభై దాటింది. గంగవరంలో కొడుకు దగ్గర ఉంది. ఆమెకు చూపు తగ్గింది. కొడుకూ కోడలూ పొద్దున పొలం పోతే సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కతే. ఎక్కడ పెట్టాలని మాట వచ్చింది. ఇంట్లో ఖాళీగా ఉన్నది సరోజే. పిల్లలు చదువులకు పోయారు. ఐదున్నరేళ్లు చేసిన చేతులు. సరోజ తల్లిని వెంటబెట్టుకుని వాళ్లు కుప్పం వచ్చారు, మాటలకు నేనూ వెళ్లాను. సరోజ వదిన, అంటే ఆ కొడుకు భార్య, వెటకారంగా నవ్వుతూ, "కుప్పంలో వద్దులేమ్మా. ఈడ బండలు జారతాయి" అంది. అందరూ చిన్నగా నవ్వారు. కుటుంబాల్లో నవ్వే నవ్వు. అది నన్ను అంత బాధపెట్టలేదు. సరోజ అన్నది బాధపెట్టింది.

"వదిన చెప్పింది నిజమే. నా దగ్గర వద్దు. నన్ను నమ్మి మా అమ్మను పెట్టొద్దండి" అంది. తలెత్తకుండా అంది.

తల్లి అక్కడే గోడకానుకుని కూర్చుని ఉంది. కళ్లు సరిగా కనపడవు. కూతురు గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. ఆమెకు సరోజ దగ్గరికే పోవాలని ఉందని ఆ గదిలో అందరికీ అర్థమైంది. సరోజకు ఉంచుకోవాలని ఉంది. మధ్యలో ఉన్నది నేను రాసిన నాలుగు వాక్యాలు. అవి ఇంకా ఆ అద్దం వెనకే ఉన్నాయి.

తిరిగొచ్చేటప్పుడు వి.కోట దగ్గర బస్సు ఆగింది. అమ్మ కూర్చున్న వైపు కిటికీ సీటే దొరికింది. దిగి కుప్పం పోయే బస్సెక్కి చెప్పేయాలనుకున్నాను. దిగలేదు. మదనపల్లె వచ్చేదాకా దిగలేదు. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ఇట్లా రాస్తున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు. నా భార్య కూడా దీన్ని ఇక్కడే, అచ్చులోనే చదువుతుంది.

పత్రికలో తప్పు అచ్చయితే సవరణ వేస్తాం. చిన్న అక్షరాల్లో, ఎవరి కంటా పడని మూలలో. నా పాతికేళ్లలో నేను చాలా తక్కువ సవరణలు రాశాను. ఇది ఒకటి రాయాలి. సరోజకు అర్థమయ్యేలా, ఆమె కత్తిరించుకోవడానికి వీలుగా.

అత్త పెరటి తడి మీద జారిపడిందని రాసింది తప్పు. ఆ బండ తడిగా ఉందో లేదో రాసినవాడికి తెలియదు. అతను అడగలేదు. ఆమెకు పక్షవాతం అంతకు మూడు రోజుల ముందే మదనపల్లెలో, అతని ఇంట్లో, అతని కళ్లముందు మొదలైంది. లోటాకు సొట్ట పడింది అక్కడే. కుప్పంలో కోడలికి చెప్పానని అతను తల్లితో అన్నది అబద్ధం. ఆ కోడలికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు.

అమ్మా సరోజా, పాతది తీసేసి ఇది పెట్టుకో. లేదా రెండూ పారేయ్. నన్ను ఇంటికి రానివ్వకపోయినా సరే. మునిరత్నం మళ్లీ నాతో మాట్లాడకపోయినా సరే. క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు సరేనంటావు. అది నాకు భయం. మీ అమ్మను మాత్రం ఇంటికి తెచ్చుకో.

పదకొండేళ్ల తర్వాత ఇవాళ ఆ వాక్యం రాశాను. లోటా మా ఇంట్లో జారింది.